కాలువగట్టు దారికి కొత్త రూపు

మానవుని పాదాల జాడయే తొలి దారి. ఆ జాడ మీద ఎడ్లబండ్లు నడవగా అది బాట అయింది. బాట మీద కంకర పరచి తారు పోయగా రోడ్డు అయింది. మన గ్రామీణ రహదారులలో పెక్కు ఈ విధంగా క్రమక్రమంగా ఏర్పడినవే. అందువల్ల అవి ఊరి చెరువును చుట్టి, పొలం గట్టును అనుసరించి, గుడి ముందర వంగి, మర్రిచెట్టు దగ్గర మలుపు తిరిగి సాగిపోతాయి. కాలినడకన పోయేవారికి గాని, బండి తోలేవారికి గాని ఆ వంపుల వల్ల ఇబ్బంది లేదు. కాని పాతిక టన్నుల బరువుతో లారీ ఆ దారిని పట్టినప్పుడు అవే వంపులు ప్రాణాంతకాలు కావచ్చు.

పెరిగిన లారీల రాకపోకలను తట్టుకొనేటట్లు, ప్రజలకు అపాయం కలగకుండా ఉండేటట్లు, పాత దారి గమనాన్ని మార్చి తీర్చిదిద్దడాన్ని ఇంజనీర్లు 'రీఎలైన్‌మెంట్' అంటారు. తెలుగులో దానిని 'మార్గ సవరణ' అనవచ్చు. వంకర దారిని తిన్నగా చేయడమే మార్గ సవరణ అని చాలామంది భావిస్తారు. అది పూర్తిగా నిజం కాదు. లారీ స్వభావాన్ని, నేల స్వభావాన్ని, ఆ దారి పక్కన బ్రతికే మనుషుల అవసరాలను ఒకచోట కూర్చి ఆలోచించినప్పుడే సవరణ సార్థకమవుతుంది. ఈ సంగతిని గోదావరి డెల్టాలో, కొల్లేటి పరిసరాలలో ఉన్న దారుల ఆధారంగా తెలుసుకొందాం.

నీరు గీసిన దారి

ధవళేశ్వరం వద్ద గోదావరి మీద ఆనకట్ట నిర్మాణం సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయింది. అక్కడి నుండి బయలుదేరిన కాలువలు పల్లపు భూములను మాగాణిగా మార్చాయి. కాలువ త్రవ్వినప్పుడు వచ్చిన మట్టిని ఇరుపక్కలా పోయగా గట్లు ఏర్పడ్డాయి. వానాకాలంలో చుట్టూ ఉన్న పొలాలు నీటిలో నిలిచి ఉంటే, ఆరిన నేల గట్టు మీదనే దొరికేది. కనుక మనుషులు గట్టు మీద నడిచారు. బండ్లు గట్టు మీదనే సాగాయి. తరువాతి కాలంలో చాలాచోట్ల రోడ్లు కూడా గట్ల మీదనే వేశారు.

పంటకాలువ ఎందుకు వంకరగా పోతుంది? కాలువలో నీరు తనంతట తానే పారాలి. అటూ ఇటూ ఉన్న చేలకు తనంతట తానే దిగాలి. అందుకోసం చుట్టుపక్కల పొలాలకన్న కొంచెం మెరకగా ఉన్న నేలను వెదకి, ఆ మెరక వెంట కాలువను తీసికొనిపోతారు. నేల ఎటు వంగితే కాలువ అటు వంగుతుంది. కాలువతోపాటు గట్టు, గట్టుతోపాటు దారి వంగుతాయి. నెమ్మదిగా పారే నీటికి ఆ వంపు సహజం. ఇక కాలువను విడిచి ఊళ్ళలోనికి, పొలాలలోనికి పోయే బండిదారులను డెల్టాలో పుంతలు అంటారు. ఇవి కమతాల హద్దుల వెంట పోతూ, హద్దు మారినచోట ఇంచుమించు లంబకోణంలో మలుపు తిరుగుతాయి. ఈ విధంగా ఒక దారికి నీరు రూపమిచ్చింది. మరొక దారికి పొలం హద్దు రూపమిచ్చింది. వేగంగా పోయే భారీ వాహనం ఈ రెండింటి రూపకల్పనలోనూ లేదు.

చేపల చెరువులు, లారీల వరుసలు

1980వ దశకం నుండి కైకలూరు, ఆకివీడు, ఉండి, భీమవరం ప్రాంతాలలో వేలాది ఎకరాల వరిచేలు చేపల చెరువులుగాను, తరువాత రొయ్యల చెరువులుగాను మారాయి. నేడు చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో మొదటి స్థానంలో ఉన్నది. ఈ సంపద అంతా దారి మీదనే కదలాలి. చెరువులలో వేసే తవుడు, నూనెచెక్క, గుళికల మేత లారీలలో వస్తాయి. మంచు ఫ్యాక్టరీల నుండి మంచు దిమ్మెలు లారీలలో వస్తాయి. పట్టిన చేపలను మంచు వేసి, పెట్టెలలో సర్ది, పశ్చిమబెంగాల్, అస్సాం, బీహార్ రాష్ట్రాలకు లారీలలోనే పంపుతారు. వీటికి తోడు ధాన్యం మిల్లులకు పోయే లారీలు, ట్రాక్టర్లు ఎలాగూ ఉన్నాయి.

పామర్రు నుండి గుడివాడ, కైకలూరు, ఆకివీడు, భీమవరం, పాలకొల్లు మీదుగా దిగమర్రు చేరే రహదారి నేడు 165వ జాతీయ రహదారి. అయితే చెరువు గట్టు వద్ద సరుకు ఎత్తుకొన్న లారీ ఈ పెద్ద రహదారిని చేరేలోపల పుంతల మీద, కాలువగట్ల మీద కొన్ని కిలోమీటర్లు ప్రయాణించవలసిందే. అసలు చిక్కు అక్కడనే ఉన్నది.

గ్రామీణ రహదారిలో తారు పరచిన భాగం సాధారణంగా 3.75 మీటర్ల వెడల్పు ఉంటుంది. లారీ వెడల్పు సుమారు రెండున్నర మీటర్లు. రెండు లారీలు ఎదురుపడితే అయిదు మీటర్లు కావాలి. కాబట్టి ఒకదాని చక్రాలు తారు దిగి మట్టి అంచు మీదికి పోక తప్పదు. డెల్టాలో ఆ అంచు రేగడి మట్టి. ఎండాకాలంలో రాయిలా ఉండే ఆ మట్టి వానపడగానే జారుతుంది, క్రుంగుతుంది. ఒకపక్క కాలువ, ఇంకొకపక్క చేపల చెరువు. చక్రం ఒక్క అడుగు పక్కకు జారినా వాహనం నీటిలోనికి పోయే ప్రమాదం ఉన్నది.

ఆ దారి మీద లారీలు మాత్రమే తిరగడం లేదు. బడికి, కళాశాలకు సైకిళ్ళ మీద పోయే పిల్లలు, రొయ్యల శుద్ధి కర్మాగారాలకు ఆటోలలో పోయే ఆడకూలీలు, కాలువ రేవుకు పోయే గేదెలు, గట్టు వారనే ఇళ్ళు కట్టుకొన్న కుటుంబాలు ఆ దారి మీదనే ఆధారపడి ఉన్నారు. 2022వ సంవత్సరంలో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారని కేంద్ర ప్రభుత్వ నివేదిక తెలిపింది. ఆ సంఖ్యలో ఒక్కొక్క అంకె వెనుక ఒక్కొక్క కుటుంబం ఉన్నదని గుర్తుంచుకొంటే, దారి వంపును గురించిన లెక్క ఎంత విలువైనదో అర్థమవుతుంది.

వంపులోని లెక్క

వంపు తిరిగే ప్రతి వాహనాన్నీ ఏదో ఒక బలం బయటికి నెడుతున్నట్లు మనకు అనిపిస్తుంది. దీనినే అపకేంద్ర బలం అని భౌతికశాస్త్రంలో చదువుకొన్నాం. టైరుకు, రోడ్డుకు మధ్య ఉండే ఘర్షణ వాహనాన్ని వంపులో నిలిపి ఉంచుతుంది. దానికి సాయంగా ఇంజనీర్లు వంపులో రోడ్డు వెలుపలి అంచును కొంత ఎత్తు చేస్తారు. దీనికి 'సూపర్ ఎలివేషన్' అని పేరు. సైకిలు తొక్కేవాడు మలుపులో లోపలికి ఒరిగినట్లుగా, ఇక్కడ దారియే లోపలికి ఒరుగుతుంది.

1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మన దేశంలో రహదారుల నిర్మాణానికి ప్రమాణాలను నిర్ణయిస్తున్నది. మైదాన ప్రాంతాలలో ఈ ఒరుగు నూటికి 7 వంతులు మించరాదని, ఘర్షణను 0.15గా లెక్కించాలని దాని ప్రమాణాలు చెబుతాయి. గంటకు ఇన్ని కిలోమీటర్లు అని తెలిపే వేగాన్ని వర్గం చేసి, 127తో భాగించి, మరల 0.22తో భాగిస్తే, ఆ వేగానికి ఉండవలసిన కనీస వ్యాసార్ధం మీటర్లలో వస్తుంది. 0.22 అనేది ఒరుగు, ఘర్షణల మొత్తం.

ఈ లెక్క ప్రకారం గంటకు 40 కిలోమీటర్ల వేగానికి సుమారు 60 మీటర్ల వ్యాసార్ధం చాలు. 50 కిలోమీటర్లకు 90 మీటర్లు కావాలి. 80 కిలోమీటర్లకు 230 మీటర్లు కావాలి. వేగం రెట్టింపు అయితే వ్యాసార్ధం ఇంచుమించు నాలుగు రెట్లు కావలసి వస్తున్నదని గమనించండి. పుంత మలుపు వ్యాసార్ధం కొన్నిచోట్ల ఇరవై మీటర్లు కూడా ఉండదు. అక్కడ లారీ గంటకు పాతిక కిలోమీటర్లకన్న ఎక్కువ వేగంతో తిరగడం క్షేమం కాదు.

ఒరుగు లేకపోతే ఏమవుతుంది? 90 మీటర్ల వంపులో రోడ్డు బల్లపరుపుగా ఉంటే క్షేమకరమైన వేగం 50 నుండి 41 కిలోమీటర్లకు పడిపోతుంది. వాననీరు జారిపోవడానికి రోడ్డు నడుమ ఎత్తుగా, అంచులు పల్లంగా ఉండే తీరు మామూలు దారిలో మంచిదే. కాని వంపులో అదే తీరును ఉంచితే వెలుపలి సగం బయటికి ఒరిగి ఉంటుంది. అప్పుడు ఆ వైపున వచ్చే వాహనానికి క్షేమకరమైన వేగం సుమారు 38 కిలోమీటర్లే. పాత దారి మీద పొర తరువాత పొర తారు పోసుకొంటూ పోయినచోట ఈ లోపం సులభంగా కంటికి కనబడదు. దానికి కారణం డ్రైవరు అజాగ్రత్త అని మనం అనుకొంటాం. కొంత కారణం దారి ఒరుగులో ఉండవచ్చు.

లారీ విషయంలో మరికొన్ని చిక్కులు ఉన్నాయి. ధాన్యం బస్తాలు ఎత్తుగా వేసిన లారీ గురుత్వకేంద్రం పైకి పోతుంది. కారు జారిపోయే పరిస్థితిలో ఆ లారీ పల్టీ కొట్టవచ్చు. చేపపిల్లలను నీటితోపాటు తరలించే వాహనాలలో, మలుపు తిరిగేటప్పుడు నీరు ఒకపక్కకు చేరి వాహనాన్ని ఇంకా ఒరిగేటట్లు చేస్తుంది. అంతేకాదు, పొడవైన వాహనం మలుపు తిరిగేటప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల జాడలో నడవవు. కొంచెం లోపలికి కోసుకొని పోతాయి. అందువల్ల వంపులో దారి వెడల్పు పెంచాలి. 60 మీటర్ల వంపులో రెండు వరుసల రోడ్డుకు 1.2 మీటర్ల అదనపు వెడల్పు ఉండాలని ప్రమాణం. తిన్నని భాగం నుండి వంపులోనికి హఠాత్తుగా ప్రవేశించకుండా, వంపు కొద్దికొద్దిగా బిగిసే సంధివక్రాన్ని నడుమ కలుపుతారు. స్టీరింగును క్రమంగా త్రిప్పడానికి, రోడ్డు అంచును క్రమంగా ఎత్తడానికి ఆ భాగం అవకాశమిస్తుంది.

చూపు ఆనే దూరం

దారి మీద అడ్డంకి కనబడగానే బండి ఆగదు. డ్రైవరు చూసి, గ్రహించి, బ్రేకు మీద కాలు వేయడానికి రెండున్నర సెకన్లు పడుతుందని ప్రమాణాలు లెక్కిస్తాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ రెండున్నర సెకన్లలోనే వాహనం సుమారు 42 మీటర్లు పోతుంది. బ్రేకు పడిన తరువాత ఇంకొక 39 మీటర్లు పోయి ఆగుతుంది. అంటే మొత్తం సుమారు 80 మీటర్ల దూరం స్పష్టంగా కనబడాలి. 40 కిలోమీటర్ల వేగానికైతే 45 మీటర్లు కనబడితే చాలు.

తిన్నని దారిలో చూపునకు అడ్డు ఉండదు. వంపులో లోపలి పక్కన ఉన్న తుమ్మచెట్లు, గడ్డివాములు, కిళ్ళీకొట్లు చూపును అడ్డగిస్తాయి. 60 మీటర్ల వంపులో 45 మీటర్ల దూరం కనబడాలంటే, వాహనం నడిచే రేఖ నుండి లోపలివైపు నాలుగు మీటర్లకు పైగా జాగా ఖాళీగా ఉండాలి. కొన్ని మలుపులలో దారిని కదిలించనవసరం లేకుండా, చెట్ల కొమ్మలను కొట్టి, కొట్లను వెనుకకు జరిపితేనే సగం ప్రమాదం తొలగిపోతుంది. తక్కువ ఖర్చుతో ప్రాణాలను కాపాడే పని ఇది. కాని ఆ కొట్టుతోనే బ్రతికే మనిషికి వేరొకచోటు చూపించిన తరువాతనే ఆ పని చేయడం న్యాయం.

బరువు, నేల

దారి గమనం సరిగా ఉన్నా, దాని క్రింది నేల బలంగా లేకపోతే ఫలితం ఉండదు. అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రంలో 1958 నుండి 1960 వరకు వాహనాలను నడిపి ఒక గొప్ప పరీక్ష జరిపారు. ఇరుసు మీద బరువు పెరిగేకొద్దీ రోడ్డుకు కలిగే నష్టం ఇంచుమించు ఆ బరువు నాలుగవ ఘాతంతో పెరుగుతుందని ఆ పరీక్ష వల్ల తేలింది. అంటే ఇరుసు బరువు రెట్టింపు అయితే నష్టం పదహారు రెట్లు అవుతుంది. బరువు అయిదవ వంతు పెరిగినా నష్టం రెట్టింపు అవుతుంది.

మన దేశంలో నాలుగు టైర్ల ఒంటి ఇరుసు మీద అనుమతించే బరువు 10.2 టన్నులు ఉండగా, 2018 జులైలో దానిని 11.5 టన్నులకు పెంచారు. పెరిగింది 1.3 టన్నులే అయినా, పై సూత్రం ప్రకారం రోడ్డుకు కలిగే నష్టం ఒకటిన్నర రెట్లకన్న అధికమవుతుంది. పాత లెక్కతో వేసిన పల్లెదారి ఈ భారానికి త్వరగా గతుకులు పడుతుంది. గతుకును తప్పించడానికి లారీ పక్కకు పోతుంది. ఆ పక్కన సైకిలు ఉంటుంది. రోడ్డు దెబ్బతినడం, మనిషికి దెబ్బ తగలడం వేరువేరు సమస్యలు కావు.

డెల్టా నేలలోని రేగడి నీరు పీల్చి ఉబ్బుతుంది, ఆరి నెర్రెలు విచ్చుతుంది. పక్కనే ఉన్న చేపల చెరువు నుండి ఏడాది పొడవునా ఊట దారి అడుగునకు చేరుతుంది. తడిసిన రేగడి బరువును మోయలేదు. కనుక దారి మట్టికట్టను ఎత్తు చేసి, తారు క్రింది పొరలు నీటిమట్టానికి పైన ఉండేటట్లు చూడాలి. రేగడిలో సున్నం కలిపి గట్టిపరచవచ్చు. ఇసుక పొర వేసి ఊట నీటిని ప్రక్కలకు మళ్ళించవచ్చు. గట్టి గ్రావెల్ డెల్టాలో దొరకదు. మెట్ట ప్రాంతం నుండి తేవాలి. క్రొత్తగా పోసిన కట్ట మెత్తని నేల మీద నెలల తరబడి క్రుంగుతూ ఉంటుంది. అది నిలదొక్కుకోకముందే తారు పోసి ప్రారంభోత్సవం జరిపితే మరుసటి వానాకాలానికి రోడ్డు అలలు తేలుతుంది.

సవరణకు మూడు మార్గాలు

ఏ దారిని ఎంతవరకు సవరించాలో నిర్ణయించడానికి ముందు దాని మీద తిరిగే వాహనాలను లెక్కించాలి. ఏడు రోజులపాటు రాత్రింబగళ్ళు ఈ లెక్క సాగాలి. కోతలు, అమ్మకాలు ముమ్మరంగా ఉన్న కాలంలో ఒకసారి, అవి లేని కాలంలో ఒకసారి లెక్కించాలని నియమం. వేసవిలో ఒక్కరోజు నిలబడి లెక్కించి, చేపల పట్టుబడి రోజుల రద్దీని ఊహించడం సాధ్యం కాదు. లెక్కలో అన్ని వాహనాలు సమానం కావు. దారిలో ఆక్రమించే స్థలాన్ని, కలిగించే ఆటంకాన్ని బట్టి ఒక లారీని మూడు కార్లతో సమానంగా పరిగణిస్తారు. నెమ్మదిగా కదిలే ఎడ్లబండిని ఎనిమిది కార్లతో సమానంగా పరిగణిస్తారు.

ఆ తరువాత ఇంజనీరు ముందు మూడు మార్గాలు ఉంటాయి. మొదటిది, ఉన్న దారినే బాగు చేయడం. వంపులలో వెడల్పు పెంచి, ఒరుగు సరిచేసి, చూపునకు అడ్డు తొలగించి, కాలువ వైపున ఇనుప రక్షణ కంచె కట్టి, మధ్యమధ్య లారీలు ఎదురుపడి తప్పుకొనేందుకు వెడల్పు జాగాలను ఏర్పరచడం ఇందులోని పనులు. దీనికి ఖర్చు తక్కువ. భూమి కూడా స్వల్పంగానే కావాలి.

రెండవది, ప్రమాదకరమైన వంపులను మాత్రమే కోసివేయడం. కాలువను కదిలించడం సులభం కాదు కనుక దారినే గట్టు దించి, కొంతదూరం పొలాల మీదుగా క్రొత్త కట్ట మీద నడిపించి, వంపు దాటిన తరువాత మరల గట్టుకు కలుపుతారు.

మూడవది, ఊరిని తప్పించి క్రొత్త దారి వేయడం. దీనినే బైపాస్ అంటారు. ఊరి నడుమ వందలాది ఇళ్ళు, బడి, రేవు, సంత ఉన్నప్పుడు దారిని వెడల్పు చేస్తే ఊరే చీలిపోతుంది. అటువంటిచోట బైపాస్ మేలు. దీనికి ఖర్చు అధికం, భూమి కూడా అధికంగా కావాలి. ఊరి నడుమ దారి మీద ఆధారపడిన టీ కొట్లు, టైర్లకు పంక్చర్లు వేసే దుకాణాలు బేరాలు కోల్పోవచ్చు. ఈ నష్టాన్ని కూడా లెక్కలో చేర్చాలి.

తిన్నని దారిలోని అపాయం

వంకర దారి అపాయకరమైతే, తిన్నని దారి క్షేమకరం కావాలి కదా అనిపిస్తుంది. అనుభవం వేరుగా చెబుతున్నది. రెండు కిలోమీటర్లు బాణంలా సాగిన రోడ్డు మీద డ్రైవరు తెలియకుండానే వేగం పెంచుతాడు. రాత్రివేళ అలసటతో ఉంటే కునుకు కూడా పట్టవచ్చు. ఆ తిన్నని భాగం చివర పాత మలుపు యథాతథంగా మిగిలి ఉంటే, ఇదివరకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చిన లారీ ఇప్పుడు 70 కిలోమీటర్ల వేగంతో అక్కడికి చేరుతుంది. వంపులలో పదింటిని సవరించి పదకొండవదానిని విడిచిపెడితే, ఆ పదకొండవది మునుపటికన్న భయంకరమవుతుంది. అందువల్లనే వరుసగా వచ్చే వంపుల మధ్య పొంతన ఉండాలని ఇంజనీర్లు పట్టుబడతారు. ముందు వచ్చే దారి ఎలా ఉంటుందో వెనుకటి దారియే డ్రైవరుకు తెలియజేయాలి.

వేరొక అపాయం కూడలిలో ఉన్నది. పుంత వచ్చి రోడ్డును ఏటవాలుగా కలిస్తే, పుంత మీది నుండి వచ్చేవాడు మెడ వెనుకకు త్రిప్పి చూడవలసి వస్తుంది. అటువంటి పుంతను చివరి కొన్ని మీటర్లలో వంచి, రోడ్డును లంబకోణంలో కలిసేటట్లు చేయాలి. ఊరు మొదలయ్యేచోట వేగం తగ్గక తప్పదని తెలిపే గుర్తులు, వేగనిరోధకాలు ఉండాలి. మలుపులలో బాణపు గుర్తులు, రాత్రి వెలుగును తిప్పికొట్టే పలకలు, రోడ్డు అంచున తెల్లని గీత తక్కువ ఖర్చుతో అయ్యే పనులు. పొగమంచు పట్టిన తెల్లవారుజామున కాలువ ఎక్కడ ఉన్నదో డ్రైవరుకు తెలిపేది ఆ గీతే.

ఇక పాత దారి మాటేమిటి? లారీలు క్రొత్త కట్టకు మారిన తరువాత పాత గట్టుదారిని మరచిపోవడం సాధారణంగా జరుగుతుంది. అది తగదు. ఆ దారి మీదనే పిల్లలు బడికి పోతారు, గేదెలు రేవుకు పోతాయి, ముసలివారు పొద్దువాలిన తరువాత నడుస్తారు. లారీలు లేని ఆ దారిని బాగుగా నిలిపి ఉంచితే ఊరివారు క్రొత్త రోడ్డు మీదికి రానవసరం లేదు. వేగంగా పోయే బరువును, నెమ్మదిగా నడిచే ప్రాణాన్ని వేరుచేయడమే మార్గ సవరణలోని సారం.

భూమి ఇచ్చేవారు

క్రొత్త కట్టకు భూమి కావాలి. డెల్టాలో అంగుళం భూమి కూడా వృథాగా లేదు. వ్యాసార్ధం 60 నుండి 230 మీటర్లకు పెరిగితే వంపు పొలాల లోపలికి చాలా దూరం పోతుంది. రోడ్డు ఏటవాలుగా పోయినప్పుడు ఎకరం చేను రెండు ముక్కోణపు ముక్కలవుతుంది. ఆ ముక్కలలో ట్రాక్టరు తిరగదు, నీరు సరిగా పారదు. కాగితం మీద పోయింది పది సెంట్లయినా, రైతుకు పోయేది అంతకన్న ఎక్కువ.

1894 నాటి భూసేకరణ చట్టం స్థానంలో 2013లో క్రొత్త చట్టం వచ్చి, 2014 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చింది. దీని ప్రకారం గ్రామీణ ప్రాంతంలో మార్కెట్ విలువను ఒకటి నుండి రెండు వరకు ఉండే గుణకంతో హెచ్చించి, దానిమీద నూటికి నూరు వంతుల అదనపు పరిహారం కూడా ఇవ్వాలి. మూడేళ్ళుగా ఆ భూమి మీదనే ప్రధానంగా బ్రతుకుతున్న కౌలు రైతులను, వ్యవసాయ కూలీలను కూడా నష్టపోయిన కుటుంబాలుగా ఈ చట్టం గుర్తించింది. కౌలు సేద్యం విస్తారంగా ఉన్న గోదావరి జిల్లాలలో ఇది ముఖ్యమైన విషయం. అయితే కౌలు మాట నోటితోనే జరిగి, కాగితం లేనప్పుడు ఆ గుర్తింపు పొందడం కష్టమవుతుంది. సర్వే జరిగే దశలోనే కౌలుదారుల పేర్లు నమోదు కావడం ఇందువల్లనే అవసరం.

భూమితోపాటు నీటి మాట కూడా ఆలోచించాలి. పల్లపు ప్రాంతంలో రోడ్డు కట్ట ఒక ఆనకట్ట వంటిదే. దాని క్రింద తగినన్ని తూములు, కల్వర్టులు లేకపోతే పంట బోదెలు తెగిపోతాయి. మురుగు నీరు ఒకపక్క నిలిచి చేలు కుళ్ళిపోతాయి. కొల్లేటి నీరు ఉప్పుటేరు ద్వారా సముద్రాన్ని చేరాలి. ఆ నీటి దారికి మన దారి అడ్డు కాకూడదు. కొల్లేటిలో సముద్రమట్టానికి అయిదు అడుగుల ఎత్తు వరకు ఉన్న భాగాన్ని 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో ఆ సరస్సు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల రామ్‌సార్ చిత్తడినేలల జాబితాలో చేరింది. లారీ ప్రయాణం అయిదు నిమిషాలు తగ్గుతుందన్న కారణంతో అటువంటిచోట కట్ట పోయడం సమంజసం కాదు. అక్కడ కొంచెం చుట్టూ తిరిగే దారియే సరియైన దారి.

ముగింపు

ఒక దారి మంచిదా కాదా అని నిర్ణయించడానికి దాని మీద లారీ ఎంత వేగంగా పోగలదు అని అడిగితే చాలదు. ఆ లారీ పక్కనుండి సైకిలు మీద పోయే విద్యార్థి ఎంత నిర్భయంగా ఇంటికి చేరగలడు అని కూడా అడగాలి. లారీ వద్దనడం ఈ ప్రశ్నకు జవాబు కాదు. చేపల లారీ కదలకపోతే రైతుకు, కూలీకి, మంచు ఫ్యాక్టరీ కార్మికునికి ఆ పూట కూడు లేదు. లారీకి తగిన దారి ఇవ్వడం, మనిషికి తగిన దారి మిగల్చడం రెండూ ఒకే పనిలోని భాగాలు.

ఈ పని ఇంజనీర్లు ఒక్కరే చేయగలిగినది కాదు. ఏ మలుపులో వాన కురిస్తే నీరు నిలుస్తుందో, ఏ సమయంలో పిల్లలు దారి దాటుతారో, ఏ తూము మూసుకొనిపోతే ఏ చేను మునుగుతుందో ఊరివారికే తెలుసు. ప్రజాభిప్రాయ సేకరణకు అధికారులు గ్రామానికి వచ్చినప్పుడు ఈ వివరాలు చెప్పగలిగిన చదువుకొన్నవారు ముందుకు రావాలి. వేగం, వ్యాసార్ధం, ఘర్షణ అనే మాటలు మీరు తరగతిలో నేర్చుకొన్నవే. అవి మీ ఊరి మలుపులో ఏ విధంగా పనిచేస్తున్నాయో పరిశీలించి, ఆ సంగతిని నలుగురిలో చెప్పగలిగిననాడు ఆ చదువు ఊరికి ఉపయోగపడినట్లే.